చెలమ పక్కన ఒంటరి కాపురం

సోమవారం రాత్రి ఇల్లు చేరాను, ఇవాళ బుధవారం. చెప్పులు దులిపితే ఇంకా ఇసుక రాలుతోంది, ముక్కు మీద తోలు ఊడుతోంది. పనుల్లో పడి మర్చిపోకముందే రాసేద్దామని కూర్చున్నాను.

చిన్నప్పటి నుంచీ నాకు ఎడారి మీద మోజు. మనిషి అలికిడి లేని ఇసుకలో కొన్నాళ్ళు ఒక్కదాన్నే ఉండి చూడాలని ఉండేది. థార్‌కి వెళ్ళడం కుదరలేదు. కోనసీమ అంటే అందరికీ కొబ్బరి తోటలూ కాలవలే గుర్తొస్తాయి గానీ, ఆ తోటలన్నీ అయిపోయాక, గోదావరి పాయలు సముద్రంలో కలిసే అంచున, ఎవరూ కాపురం ఉండని ఇసుక దిబ్బలు చాలా దూరం ఉన్నాయి. వాన లెక్కన చూస్తే అది ఎడారి కాదు. ఏడాదికి 250 మిల్లీమీటర్ల లోపు పడితే ఎడారి అంటారు, ఇక్కడ 1000 దాటుతుంది. కానీ అక్కడ చెట్టూ చేమా పురుగూ పుట్రా ఎలా బతుకుతున్నాయో చూస్తే ఎడారి బతుకే. థార్‌లో కరువు వాన లేక, ఇక్కడ కరువు ఉప్పు వల్ల.

నేనున్న దిబ్బ ఎక్కడో సరిగ్గా చెప్పను. అక్కడ తాబేళ్ళు గుడ్లు పెడతాయి. పల్లం దగ్గర అని మాత్రం చెప్తాను.

గురువారం: అంబాజీపేట, కాట్రేనికోన, పల్లం

శివరాత్రి మర్నాడు బయల్దేరాను. ఉపవాసానికి ఉడకబెట్టిన చిలగడదుంపలు మిగిలితే సంచిలో వేసుకున్నాను, అవి రెండు పూటలు కాపాడాయి. అంబాజీపేటలో దిగి పొట్టిక్కలు తిన్నాను. పనసాకుల దొన్నెలో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు, ఆకు విప్పగానే వచ్చే వాసనకే సగం కడుపు నిండుతుంది. ప్లేటు 40 రూపాయలు, అల్లం చట్నీ అడిగినంత వేశారు.

ముమ్మిడివరంలో ఆటో మాట్లాడుకున్నాను, పల్లానికి 350. అక్కడి నుంచి ప్రతి రెండు మూడు కిలోమీటర్లకీ నేల రంగు మారిపోతూ ఉంటుంది. ముందు కొబ్బరి, తర్వాత దాళ్వా వరి, ఆ తర్వాత వరసగా రొయ్యల చెరువులు. డ్రైవరు అడ్డదారని ఒక చెరువు గట్టు మీదకి పోనిచ్చాడు. గట్టు చివర దారి లేదు, కాపలా పాక ఒకటుంది. ఆటో వెనక్కి తిప్పడానికి చోటు లేక, పాకలో ఉన్న కుర్రాడూ మా డ్రైవరూ కలిసి దాన్ని చేతులతో ఎత్తి తిప్పారు. నేను నీళ్ళు అడిగితే ఆ కుర్రాడు చుట్టూ ఉన్న నీళ్ళకేసి ఒకసారి చూసి, లోపలికెళ్ళి ప్లాస్టిక్ టిన్నులోంచి గ్లాసుడు పట్టుకొచ్చాడు. "ఇయ్యి కొన్న నీళ్ళేనండి. బోరు నీళ్ళు చేతులు కడుక్కోడానిక్కూడా పనికిరావండి, సబ్బు నురగ రాదు" అన్నాడు. కాట్రేనికోన నుంచి రోజూ బండి వస్తుందట, 20 లీటర్ల టిన్ను 15 రూపాయలు.

చెరువులు అయిపోయాక పర్ర, అంటే ఏమీ పండని ఉప్పు నేల. ఎక్కడ చూసినా బూడిద రంగు, పైన తెల్లగా ఉప్పు పెట్లు.

పల్లంలో నేను దిగింది నా దగ్గర చదువుకున్న ఒక కుర్రాడి ఇంట్లో. అతను కాకినాడలో ఉద్యోగం చేస్తున్నాడు, అమ్మానాన్నా ఇక్కడే వేట చేసుకుంటారు. వాళ్ళని నేను పిన్నీ, బాబాయ్ గారూ అంటాను. దిబ్బ మీద వాళ్ళకో తాటాకు పాక ఉంది, వలలు దాచుకునేది. అందులో ఉంటానని ఫోన్‌లో ముందే చెప్పాను, ఫారెస్టు వాళ్ళకీ కబురు పెట్టాం. అయినా పిన్ని నన్ను చూడగానే మొదలెట్టింది. "ఒక్కరే ఎలాగుంటారండీ మేడమ్ గారూ? మా అత్తనిచ్చి పంపుతాను, ఆవిడేం మాట్లాడదు, ఓ మూల పడుంటాది." ఆ అత్తగారు అరుగు మీద కూర్చుని నాకేసి చూస్తోంది. ఎనభై ఏళ్ళుంటాయి. ఒద్దండీ, ఒంటరిగా ఉండాలనే వచ్చానండీ అంటే ఆవిడకి అర్థం కాలేదు, ఇంట్లో ఏమైనా గొడవా అని మెల్లగా అడిగింది. కాదని నమ్మించడానికి మావారితో ఫోన్‌లో మాట్లాడించాను.

మండపీతల పులుసుతో అన్నం పెట్టారు. పీత కాలి గుల్ల పళ్ళతో కొరుకుతుంటే ఆవిడ ఊరుకోలేదు, రోకలితో చితక్కొట్టి కండ తీసి నా ఆకులో వేసింది. నేను చెయ్యి కడుక్కునేదాకా ఇంట్లో ఒక్కళ్ళూ కంచం ముందు కూర్చోలేదు. చివరికి ఒప్పందం ఏమిటంటే, రోజూ తెల్లారగానే పాక పక్కనున్న వెదురుకి ఎర్ర తువ్వాలు కట్టాలి. వేటకెళ్ళే పడవల వాళ్ళు అది చూసి, మేడమ్ గారు బాగానే ఉన్నారని ఊళ్ళో చెప్తారు. పొద్దెక్కేసరికి తువ్వాలు కనపడకపోతే అత్తగారు వచ్చేస్తుంది.

పాయ దాటించడానికి పడవకి 200. బాబాయ్ గారు తీసుకోనంటే తెడ్డేసిన పిల్లాడి జేబులో పెట్టాను.

అదే సాయంత్రం: దిబ్బ

పాకకి నాలుగడుగుల దూరంలో చెలమ. మోకాలి లోతు గొయ్యి, ఇసుక జారకుండా చుట్టూ తాటి మట్టలు గుచ్చారు, పైన తాటాకు మూత. సముద్రం అక్కడికి వంద గజాలు కూడా ఉండదు. అడుగున ఇసుక చెమ్మగా ఉంది గానీ నీళ్ళు లేవు. బాబాయ్ గారు వంగి చిప్పతో ఒక బెత్తెడు తీశారు. తీసిన చోట ముందు ఇసుక నల్లబడింది, తర్వాత మెరిసింది, కాసేపటికి ఒక మూల నుంచి నీళ్ళు పాకుతూ వచ్చాయి. మొదటి చిప్ప పారబోశారు, రెండోదీ పారబోశారు, మూడోది నా దోసిట్లో పోశారు. చల్లగా ఉన్నాయి. ఒక్క రవ్వ ఉప్పు తగల్లేదు.

"పైపైనే తోడుకోవాలండి. చిప్ప నిండిందా, ఆగాలి. తొందరపడి లోతుకి తవ్వేత్తే ఉప్పు తగిలేత్తాది, ఇక నెల్లాళ్ళు ఈ చెలమ పనికిరాదు" అన్నారాయన.

ఆయన చెప్పిన దానికి సైన్సు పుస్తకాల్లో పెద్ద లెక్కే ఉంది. దిబ్బ మీద పడిన వాన ఇసుకలోంచి దిగి, కింద ఉన్న సముద్రపు నీటి మీద తేలుతూ ఉంటుంది, పాల మీద మీగడలా. ఉప్పునీళ్ళు మంచినీళ్ళ కన్నా నూటికి రెండున్నర పాళ్ళు బరువు, అందుకే కలిసిపోకుండా కిందే ఉంటాయి. ఇసుకలో మంచినీటి మట్టం సముద్ర మట్టం కన్నా ఒక్క అడుగు ఎత్తున ఉంటే, దాని కింద సుమారు 40 అడుగుల మందాన మంచినీళ్ళు నిలుస్తాయి. అంటే పైనున్న ఆ ఒక్క అడుగూ తోడేస్తే కింద నుంచి ఉప్పు 40 అడుగులు పైకి వస్తుంది. మేం పిల్లలకి భూగర్భ జలాలని చెప్పి బోర్డు మీద గీతలు గీసి వదిలేస్తాం. ఆయనకిది చిప్ప పట్టుకునే చేతికి తెలుసు.

థార్‌లో కూడా ఇలాంటిదే ఉంది. జైసల్మేర్, బాడ్మేర్ వైపు ఇసుక కింద జిప్సమ్ పొర మీద నిలిచిన వాననీటిని బేరీలనే సన్నటి బావులు తవ్వి తాగుతారు.

పడవ వెళ్ళిపోయింది. ఆ రాత్రి భయమేసిన మాట నిజం. సముద్రం హోరు ఆగదు, అమావాస్య చీకటి, పాక తాటాకులు గాలికి ఎవరో నడుస్తున్నట్టే చప్పుడు చేస్తాయి. టార్చి పట్టుకుని కూర్చున్నాను, ఎప్పుడు నిద్రపట్టిందో తెలీదు.

శుక్రవారం: అడుగుల జాడలు

తెల్లారి తువ్వాలు కట్టి చెలమ దగ్గరికెళ్తే, రాత్రి అక్కడికి ఎవరెవరు వచ్చారో ఇసుక మీద రాసి ఉంది. నక్క అడుగులు నేరుగా వచ్చాయి, మూత చుట్టూ రెండుసార్లు తిరిగాయి, ముందు కాళ్ళతో గీరిన గుర్తు కూడా ఉంది. సన్నటి పిట్ట కాళ్ళు, పీతల కాళ్ళ చుక్కలు. మూత తీసి రెండడుగుల అవతల ఇంకో చిన్న గుంట చేశాను, చేటంత. మర్నాటి నుంచి నక్క నా చెలమ జోలికి రాలేదు, దాని గుంట దానిదే.

పదిన్నర దాటితే ఇసుక మీద కాలు పెట్టలేం. పీతలు బొరియల్లోకి దిగిపోతాయి, సాయంత్రం దాకా ఒక్కటీ బయటికి రాదు. ఆ వేళంతా పాక నీడలో కూర్చోవడమే. ఫోన్ సిగ్నల్ లేదు. మొదట్లో చెయ్యి ఊరికే సంచిలోకి పోయేది ఫోన్ కోసం. మధ్యాహ్నానికి అది తగ్గి, ఇంకోటి మొదలైంది, నాలో నేను పైకే మాట్లాడుకోవడం. బియ్యం కడుగుతూ బియ్యంతో, పొయ్యి రాజేస్తూ సరుగుడు పుల్లలతో. సాయంత్రానికి అదీ ఆగిపోయింది. ఆగాక చెవులకి చాలా వినపడ్డాయి. సముద్రం హోరు ఒకటే శబ్దం అనుకుంటాం గానీ, పోటు మీద ఉన్నప్పుడు ఒకలా, పాటు తీస్తున్నప్పుడు ఇంకోలా ఉంటుంది. కళ్ళు మూసుకుని చెప్పగలిగాను.

ఇసుక దగ్గరగా చూస్తే తెల్లగా ఉండదు. అలలు వెనక్కి తగ్గిన చోట నల్లటి చారలు, వేలితో రుద్దితే బరువుగా, మెరుస్తూ. ఇల్మనైట్ లాంటి ఖనిజాల రేణువులు అవి. త్ర్యంబకంలో పుట్టిన గోదావరి 1465 కిలోమీటర్లు రాళ్ళను అరగదీసుకుంటూ తెచ్చి ఇక్కడ పడేసింది. ఈ దిబ్బ మొత్తం వరదలు తెచ్చిన ఇసుకే. పైన ఆనకట్టలు వచ్చాక దిగువకి వచ్చే మట్టీ ఇసుకా తగ్గిపోయాయి. కొత్త ఇసుక రాని చోట సముద్రం ఉన్నదాన్ని కోసుకుపోతుంది, కాకినాడ దగ్గర ఉప్పాడ వాళ్ళు ఎన్నాళ్ళ నుంచో ఇళ్ళు పోగొట్టుకుంటూ చూస్తున్నది అదే.

రాత్రికి వేడన్నం, కాల్చిన ఎండు మెత్తళ్ళు, పచ్చి ఉల్లిపాయ. పిన్ని ఇచ్చిన తేగలు కూడా నిప్పుల్లో కాల్చుకున్నాను, ఈ సీజన్‌కి అవే ఆఖరివట. కాస్త పీచు ఎక్కువైంది గానీ తియ్యగా ఉన్నాయి. మిగిలిన అన్నంలో చెలమ నీళ్ళు పోసి మూత పెట్టాను, పొద్దున్న చద్దన్నానికి.

శనివారం: తాబేలు

రోజంతా గాలి. రావణాసురుడి మీసాలు అంటారే, ముళ్ళ ముళ్ళగా ఉండే ఆ గడ్డి కంకులు గుండ్రంగా ఊడిపోయి ఇసుక మీద దొర్లుకుంటూ పోతున్నాయి, ఆగిన చోట గింజలు రాలుస్తాయి. వాటి వెనకాల బాలబంది తీగ, మేక గిట్టలా చీలిన ఆకు, ఊదారంగు పువ్వు. ఒక తీగ పట్టుకుని మొదలు ఎక్కడుందో చూద్దామని వెళ్తే ఇరవై అడుగులు దాటినా అంతు దొరకలేదు, కణుపు కణుపుకీ వేరు దిగి ఉంది. తీగ ఉన్న వైపు దిబ్బ గట్టిగా నిలబడింది. తీగ లేని వైపు కాలు పెడితే జారిపోతోంది.

చీకటి పడుతుంటే పడమట నెలవంక, దాని దగ్గరే శుక్రుడు. అవి దిగిపోయాక పిల్లలకోడి చుక్కలు, ఈశాన్యాన పైకి లేస్తున్న సప్తర్షులు. ఆ వెలుతురులోనే టార్చి వేయకుండా ఒడ్డు వెంట నడిచాను. తెల్ల లైటు చూస్తే తాబేళ్ళు ఒడ్డెక్కకుండా వెనక్కి వెళ్ళిపోతాయి.

అర్ధరాత్రి దాటాక అనుకుంటా, తడి ఇసుక మీద నల్లగా ఏదో కదిలింది. దూరంగా బోర్లా పడుకున్నాను. ఆలివ్ రిడ్లే, రెండడుగుల పైన ఉంటుంది. నాలుగడుగులు వేసి ఆగుతుంది, ఊపిరి తీసుకున్న చప్పుడు వినపడుతుంది, మళ్ళీ నాలుగడుగులు. అలలు అందని ఎత్తుకి వచ్చాక వెనక కాళ్ళతో తవ్వడం మొదలెట్టింది. వెనక్కి చూడదు, చూడలేదు కూడా. ఒక కాలు ఇసుక తీస్తుంటే రెండోది అంచు జారకుండా పక్కకి ఒత్తి పట్టుకుంటుంది. గుడ్లు పెట్టడం మొదలయ్యాక మెల్లగా పాక్కుంటూ పక్కకి వెళ్ళాను. కంటి నుంచి చిక్కటి నీళ్ళు కారి చెంప మీద ఇసుక అంటుకుని ఉంది. పురిటి నొప్పులకి ఏడుస్తుందంటారు మన వాళ్ళు. తాగిన సముద్రపు నీటిలోని ఉప్పుని కళ్ళ దగ్గరుండే గ్రంథులు అలా బయటికి పంపిస్తాయి, నీళ్ళలో ఉన్నప్పుడు కూడా.

ఒక్కోసారి వందకి పైగా గుడ్లు పెడతాయి. ఇసుక కప్పి, ఒళ్ళంతా అటూ ఇటూ ఊపుతూ పొట్టతో దిమ్మిస పట్టింది, ఆ ధప్ ధప్ మని కొట్టడం నా పొట్ట కింద ఇసుకలో తెలిసింది. తర్వాత వెనక్కి తిరిగి చూడకుండా నీళ్ళలోకి వెళ్ళిపోయింది. పిల్లలు 45 నుంచి 60 రోజుల్లో వస్తాయి. ఇసుక వేడిని బట్టి ఆడా మగా తేలుతుంది, వేడెక్కువైతే ఆడవి. తెల్లారాక పడవ వాళ్ళకి చెప్తే ఫారెస్టు వాళ్ళు వచ్చి గుడ్లు సంరక్షణ కేంద్రానికి తీసుకెళ్ళారు, కుక్కలూ నక్కలూ తవ్వుకోకుండా. నా నక్క నుంచి కూడా కాపాడాలి మరి.

ఆదివారం: మడ

మధ్యాహ్నం పిన్ని తనే పడవేసుకుని వచ్చింది. తువ్వాలు కనపడుతూనే ఉందటగానీ మనసు ఊరుకోలేదట. స్టీలు క్యారేజీలో రొయ్యల ఇగురు తెచ్చింది. తిన్నాక పాయలోకి తీసుకెళ్ళింది.

బురదలోంచి వేలెడంత వేర్లు వేలకొద్దీ పైకి పొడుచుకు వచ్చి ఉన్నాయి. బురదలో గాలాడదు గనక మడ చెట్టు ఇలా పైకి వేర్లు పంపి ఊపిరి పీలుస్తుంది. పిన్ని ఒక ఆకు తెంపి నాకమంది. ఆకు మీద ఉప్పు రేణువులు కంటికే కనపడుతున్నాయి. చెట్టు వేళ్ళతో తాగిన ఉప్పుని ఆకుల్లోంచి చెమటలా వదిలేస్తుంది. తాబేలు కంట్లోంచి, చెట్టు ఆకులోంచి. నాకు అలా వదిలే దారి లేదు, నక్కకీ లేదు, మా ఇద్దరికీ చెలమే గతి. ఇన్నాళ్ళూ ప్రకృతి అంటే చూసి ఆనందించేదనుకున్నాను. అక్కడ కూర్చుంటే, ఉప్పుతో వేగడానికి ఎవరికి వాళ్ళు వెతుక్కున్న దారులే కనిపించాయి. దారి లేని వాళ్ళమంతా ఈ ఇసుకలో వాన దాచిన నీటి మీద పడి బతుకుతున్నాం.

కొమ్మ పక్కకి నెట్టబోతుంటే పిన్ని చెయ్యి పట్టుకుని లాగేసింది. అది తిల్ల. పాలు కంట్లో పడితే చూపు పోతుంది.

వచ్చేటప్పుడు తెడ్డు ఆపి తనంతట తనే 1996 తుఫాను సంగతి చెప్పింది. నవంబరు 6 రాత్రి. అప్పటికి పెళ్ళయి రెండేళ్ళు, వేటకెళ్ళిన తమ్ముడు తిరిగి రాలేదు. భైరవపాలెం, బలుసుతిప్పల్లో ఎన్ని ఇళ్ళల్లోనో మగవాళ్ళు లేకుండా పోయారు. ఆ తుఫానుకి వెయ్యి మందికి పైగా చనిపోయారని లెక్క, సముద్రం మీద పోయినవాళ్ళలో చాలామంది దొరకనే లేదు. "మడల్లోకి పడవ దూర్చినోళ్ళు బతికారండి. మాయన అలాగే బతికాడు" అంది. ఇంకేం చెప్పలేదు, నేనూ అడగలేదు. తెడ్డు మళ్ళీ వేసింది.

సోమవారం: ఊళ్ళోకి

రెండు సీసాల్లో నీళ్ళు పట్టుకున్నాను. ఒకటి తిరుగు పడవ ఎక్కేముందు చెలమవి. రెండోది ఊళ్ళోకి వచ్చాక పిన్ని వాళ్ళ పెరటి బావివి. పాతికేళ్ళ కింద ఆ బావి నీళ్ళే తాగేవాళ్ళట. చెరువులు వచ్చి, ఉప్పునీళ్ళు ఏడాది పొడుగునా పొలాల మధ్య నిలవడం మొదలయ్యాక మెల్లగా మారిపోయాయి. కాట్రేనికోనలో నీళ్ళ ప్లాంటు కుర్రాడిని అడిగితే నీళ్ళలో ఉప్పులు ఎంత కరిగి ఉన్నాయో చూపే మీటరు పెట్టి చూశాడు. చెలమ నీళ్ళు తాగునీటికి పెట్టిన లీటరుకి 500 మిల్లీగ్రాముల హద్దు లోపే ఉన్నాయి. బావి నీళ్ళు, గత్యంతరం లేనప్పుడు ఒప్పుకునే 2000 కూడా దాటేశాయి. కుర్రాడు నమ్మక మీటరు కడిగి మళ్ళీ పెట్టాడు. "ఇంత మంచి నీళ్ళు ఎక్కడివండీ" అన్నాడు. సముద్రం ఒడ్డువి అన్నాను.

నన్ను బాగా కలవరపెట్టింది ఇంకోటుంది. ఊరికి ఈ పక్కన, పాయకి ఇవతల, నేనున్న లాంటిదే ఇంకో దిబ్బ ఉండేది. ఇప్పుడు సగమే ఉంది. జేసీబీతో తవ్వి ట్రాక్టర్లలో తోలుతున్నారు, ఇళ్ళ స్థలాల మెరకకీ చెరువు గట్లకీ. ట్రాక్టరు 1200 అని చెప్పారు. తోలే కుర్రాళ్ళు ఆ ఊరివాళ్ళే, వేట లేని రోజుల్లో అదే కూలి, వాళ్ళ మీద నాకు కోపం రాలేదు. కానీ ఆ దిబ్బ కింద చెలమలు అప్పుడే ఉప్పెక్కాయి. ఇసుక పోతే వాన దాగే చోటు పోతుంది, తుఫాను కెరటానికి అడ్డమూ పోతుంది, తాబేలుకి ఎత్తూ పోతుంది. 2019 నాటి తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్‌లో ఇసుక దిబ్బలూ, మడ అడవులూ, తాబేళ్ళు గుడ్లు పెట్టే చోట్లూ అన్నీ అత్యంత సున్నితమైన మొదటి తరగతిలోనే ఉన్నాయి. కాగితం మీద ఇంత గట్టిగా ఉంది గనకే అడగొచ్చనిపించింది.

అరుగు మీద అదే మాట ఎత్తాను. బాబాయ్ గారు కాసేపు ఆలోచించి, మన పడవల సంఘం వాళ్ళని కూడా పిలుద్దామండి అన్నారు. సాయంత్రానికి పది మంది పోగయ్యారు, ట్రాక్టరు తోలే కుర్రాడు కూడా ఒకడు వచ్చి వెనక నిలబడ్డాడు. అర్జీ నేను రాశాను, చదివి వినిపించాను, రెండు చోట్ల అత్తగారు సరిదిద్దింది, పాత చెలమలు ఎక్కడెక్కడ ఉండేవో ఆవిడకే గుర్తున్నాయి. ఎనిమిది పేర్లు చెప్పింది, ఒక్కో చెలమకీ ఒక్కో పేరు. అవన్నీ అర్జీలో రాసుకున్నాం. వచ్చే సోమవారం అమలాపురం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కి ఇవ్వాలి. పిన్నీ, బాబాయ్ గారూ పొద్దున్నే బస్సుకి వస్తారు, నేను అక్కడే కలుస్తాను. నీళ్ళ సీసాలు రెండూ ఫ్రిజ్ పక్కన పెట్టాను, మీద కాగితాలు అంటించి.